తల్లి విశ్వాసము కూతురికి ఆస్తిగా వచ్చునా?



మా సంఘములో ఒక తల్లి ఉన్నారు. ఆమె తాతగారు ఒంగోలు ప్రాంతము నుండి కోలారు బంగారు గనులలో పనికి వచ్చినవారు. గనులు 2001లో మూతపడినవి గాని మా కూడిక ఆగలేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు బెంగుళూరులో ఉద్యోగము చేస్తున్నది. మూడేండ్ల క్రిందట ఆ అమ్మాయి, "అమ్మా, నాకు విశ్వాసము లేదు. ఉన్నట్టు నటిస్తూ ప్రభువు బల్లలో పాలుపుచ్చుకోలేను" అన్నది. అప్పటినుండి క్రిస్మసుకు కూతురు రాదు, కూతురి ఇంట తల్లి అడుగుపెట్టదు.

ఈ ఎడబాటులో మా తప్పు కూడ ఉన్నది. "కొంతకాలము దూరముగా ఉండండమ్మా, దానంతట అదే దారికి వస్తుంది" అని ఆమెకు సలహా చెప్పినది సంఘ పెద్దలమైన మేమే.

మనము బాప్టిస్టులము. పసిబిడ్డలకు బాప్తిస్మము ఇవ్వము. తల్లిదండ్రులు బిడ్డకు ఇల్లు ఇవ్వగలరు, పొలము ఇవ్వగలరు గాని విశ్వాసము ఇవ్వలేరని మన నమ్మకము. 1876-78 నాటి కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించినారు. అయినను ఆ పని సాగినన్నాళ్లు బాప్తిస్మములు ఆపివేసినారు. అన్నము కొరకు ఎవరును నీటిలోనికి దిగకూడదని ఆయన తలంపు. ఆ తరువాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు.

ఆకలి ఒత్తిడి కూడదన్నప్పుడు, తల్లి కన్నీటి ఒత్తిడి మాత్రము కూడునా?

ఆ అమ్మాయి పదమూడవ యేట బాప్తిస్మము పొందినది. "నా ఈడు పిల్లలందరూ దిగారు, నేనొక్కదాన్నే గట్టున నిలబడలేకపోయాను" అని ఇప్పుడు చెప్పుచున్నది. ఆనాడు ఆమెను ప్రశ్నలు అడిగినది మేమే. వాటి జవాబులు ఆదివారపు బడిలో నేర్పినదీ మేమే. అప్పచెప్పుట వేరు, గ్రహించుట వేరని ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్నవారమే, ఆ పాఠము మందిరములో మరచిపోయినాము.

గుండ్లకమ్మలో దిగిన మన అవ్వలు కూడ తమ తల్లుల దైవములను విడిచివచ్చినవారే. ఆ తల్లులును ఏడ్చియుందురు. ఆ కూతుండ్రను ధైర్యవంతులంటాము, మన కూతురిని తిరుగుబోతు అంటాము. "అది సత్యములోనికి వచ్చుట, ఇది సత్యమును విడుచుట గదా?" అని కొందరు అడుగుదురు. మేమును అట్లే నమ్ముచున్నాము. అయితే సత్యము మన పక్షమున ఉన్నంత మాత్రాన ఒత్తిడి న్యాయము కాదు. ఒత్తిడికి వచ్చినవారు నమ్మినవారు కారు, లొంగినవారు.

రూతును గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. ఓర్పాను గూర్చి ఎన్ని విన్నాము? ఆమె అత్తను ముద్దుపెట్టుకొని తన జనులయొద్దకు, తన దేవతలయొద్దకు తిరిగిపోయినది. నయోమి ఆమెను శపించలేదు. దేవుడు దయ చూపవలెనని కోడండ్రిద్దరినీ దీవించినది.

మొన్న మేము ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగినాము. ఆమె చాలసేపు మాటాడలేదు. ఆ శనివారము గోంగూర పచ్చడి సీసా చేతపట్టుకొని బెంగుళూరు బండి ఎక్కినారు. అమ్మాయి మారినదా అని మమ్మును అడుగకండి. తలుపు తీసినదట, ఇద్దరును కలిసి భోజనము చేసినారట.

ఆమె కొరకు తల్లి ప్రార్థన మానలేదు, మేమును మానము. మీ ఇండ్లలోను ఇట్టి ఎడబాటు ఉన్నయెడల, ముందుగా పెద్దవారే బయలుదేరుదురు గాక. ఆమేన్.