ఫిర్యాదు చేస్తే గీబత్ అవుతుందా?

కొన్ని నెలల క్రితం మిడుతూరులో జుమా నమాజు ముగించుకొని బయటికి వస్తుండగా ఒక సోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచారు. "హజ్రత్, ఒక మసలా అడగాలి. మా పక్కింటి ఖాలా కొడుకు కువైట్‌లో ఉన్నాడు. స్లాబు ఇల్లు కట్టుకున్నారు. అయినా నెలనెలా స్టోరు బియ్యం తెచ్చుకుంటుంది. తెచ్చి ఆటోవాడికి అమ్మేస్తుందని నా అనుమానం. ఆఫీసులో చెబితే గీబత్ అవుతుందా? చెప్పకపోతే ఆ పాపంలో నాకూ వాటా వస్తుందా?" అని అడిగారు.

ప్రశ్న చిన్నదే. కాని మసీదు మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మా వల్ల కాలేదు. ఇలాంటి అనుమానం చాలా ఊళ్ళలో, చాలా ఇళ్ళలో ఉంది. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందు ఈ బియ్యం ఏమిటో చూద్దాం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు అది ప్రభుత్వ సహాయం. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాక అది హక్కుగా మారింది. ఆ చట్టం ప్రకారం మామూలు కార్డులో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు ఉన్న నిరుపేద కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే బియ్యానికి డబ్బు కూడా తీసుకోవడం లేదు. హక్కుగా వచ్చినదే అయినా అది తినడానికి ఇచ్చిన ధాన్యం, ఒక షరతుతో మన చేతిలో పెట్టిన అమానత్. ఒకసారి చేతికి వచ్చాక మన మిల్క్ అయిపోయింది కదా, అమ్ముకుంటే తప్పేమిటని వాదించేవారు ఉన్నారు. షరతు ఒప్పుకొని వేలిముద్ర వేసి తీసుకున్న తర్వాత ఆ వాదన నిలవదని మా అభిప్రాయం. దేశ చట్టం కూడా ఈ బియ్యాన్ని కొని నల్లబజారుకు తరలించడాన్ని నేరంగానే చూస్తుంది.

ఇక అనుమానం సంగతి. దివ్య ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతులో అల్లాహ్ వరుసగా మూడింటిని వారించాడు: దురనుమానం, ఇతరుల గుట్టు వెదకడం, వెనుక నిందించడం. ఆ వరుసను గమనించండి. గీబత్ నాలుకతో మొదలు కాదు, మనసులోని బద్‌గుమానీతో మొదలవుతుంది. మన సోదరుడు గీబత్ గురించే అడిగారు గాని, ఆయన నోటి నుంచే వచ్చిన "అనుమానం" అనే మాట దగ్గర ఆగలేదు. ఖాలా ఆటోవాడికి బియ్యం పోయడం ఆయన కళ్ళతో చూడలేదు. కువైట్‌లో కొడుకు ఉన్నాడంటే డబ్బు పంపుతున్నాడనే అర్థమా? స్లాబు ఇల్లు సొంత సొమ్ముతో లేచిందా, అప్పుతో లేచిందా? గోడ ఇవతల నిలబడి ఇవేవీ చెప్పలేము.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగినట్లు ఒక సంఘటన ప్రసిద్ధం. ఒక రాత్రి ఆయన ఒక ఇంటి నుంచి పాట వినిపించి గోడ ఎక్కి చూశారు. లోపలి మనిషి మద్యంతో దొరికిపోయాడు. అయితే అతను, నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు అన్నాడు. గుట్టు వెదికారు, తలుపున రాకుండా గోడ దూకారు, సలాం చేసి అనుమతి అడగకుండా లోపలికి వచ్చారు అని లెక్క చెప్పాడు. ఖలీఫా ఆ మాట ఒప్పుకొని అతన్ని వదిలేశారు.

దురనుమానం మనుషులకే కాదు, ఈ రోజుల్లో యంత్రాలకూ అబ్బింది. తెలంగాణలో 2016లో లక్షల రేషన్ కార్డులను ఇంటికి వెళ్ళి విచారించకుండానే కంప్యూటర్ లెక్కలతో రద్దు చేశారు. దాదాపు 19 లక్షల కార్డులపై మళ్ళీ క్షేత్రస్థాయిలో విచారణ జరపమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. హైదరాబాదులో బతికినన్నాళ్ళూ రిక్షా లాగిన ఒక సోదరుని పేరిట కారు ఉన్నట్లు అదే లెక్క తేల్చింది. అసలు కారు అలాంటి పేరే ఉన్న వేరొకరిది! మన పేర్లలో సయ్యద్‌లు, అలీలు ఎందరో మనకు తెలియదా? ఆ పొరపాటు వల్ల ఆయన భార్యకు రేషన్ దక్కలేదు. అనుమానం తప్పయితే ఎవరి కంచం ఖాళీ అవుతుందో చూశారు కదా. యంత్రానికి హిసాబ్ లేదు. ఫిర్యాదు చేసే మనిషికి ఉంది.

అయితే నోరు మూసుకొని కూర్చోవడమే ధర్మమా? కాదు. అదే హజ్రత్ ఉమర్ (రజి) గురించిన ఇంకొక సంఘటన వినండి. ఒక రాత్రి సేవకుడు అస్లంతో కలిసి మదీనా బయట తిరుగుతుండగా ఒక మంట కనిపించింది. ఒక తల్లి, ఆకలితో ఏడుస్తున్న పిల్లలు, పొయ్యి మీద వట్టి నీళ్ళ కుండ. ఎదుట ఉన్నది ఖలీఫా అని తెలియక ఆమె ఆయన మీదే ఫిర్యాదు చేసింది. మా బాధ్యత తలకెత్తుకొని మమ్మల్ని మరిచాడు అంది. ఆయన దానిని గీబత్ అనలేదు, ఆమెను మందలించలేదు. గిడ్డంగికి పరుగున వెళ్ళి పిండి బస్తా తన వీపు మీదే మోసుకొచ్చి, తానే వండి పిల్లలకు పెట్టారు. హింద్ (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడని చెప్పుకున్నప్పుడు కూడా మహాప్రవక్త (స) ఆమెను ఆపలేదు. ఇలాంటి హదీసుల ఆధారంగానే ఇమాం నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో గీబత్ కిందికి రాని ఆరు సందర్భాలు చెప్పారు. వాటిలో మొదటిది, అన్యాయం జరిగినవారు దానిని సరిదిద్దగల వారి దగ్గర చెప్పుకోవడం.

కనుక డీలరు తూకంలో అరకిలో కొడుతున్నాడా, వేలిముద్ర వేయించుకొని రేపు రమ్మంటున్నాడా, చనిపోయినవారి పేరు మీద బియ్యం లేస్తున్నాయా, అది చెప్పి తీరాలి. తూకాల్లో మోసం చేసేవారి మీద ముతఫ్ఫిఫీన్ అనే ఒక సూరాయే ఉంది. సాక్ష్యాన్ని దాచవద్దని బఖరా సూరా చెబుతోంది. మీకు స్వయంగా జరిగినది, మీరు కళ్ళారా చూసినది మాత్రమే చెప్పండి. తహశీల్దారుకు రాసి ఇవ్వవచ్చు, 1967 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టీ అంగడి దగ్గర పదిమందికీ చెప్పి, చెప్పవలసిన చోట చెప్పకపోవడమే అసలైన గీబత్.

ఇక్కడ మన సమాజంలోని ఒక జబ్బు గురించి కూడా చెప్పాలి. ఊళ్ళో గంపగుత్తగా బియ్యం కొని మిల్లుకు చేర్చేవాడు మనవాడైతే హుస్నె జన్ గుర్తుకొస్తుంది. పక్కింటి వితంతువు విషయంలో మాత్రం మన కన్ను చురుకవుతుంది. పేదరాలు అమ్మే పది కిలోలు ఎక్కడికి పోతాయో ఆలోచించారా? ఆటోలోంచి లారీకి, లారీలోంచి రేవుకు. 2024 నవంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ స్వయంగా కాకినాడ రేవుకు వెళ్ళి రేషన్ బియ్యం ఓడ ఎక్కుతున్నాయని నిలదీయడం, ఆ తర్వాత ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయడం పత్రికల్లో చదివాము. ఓడ నింపేది ఒక ఖాలా కాదు. న్యాయానికి సాక్షులుగా నిలబడండి, అది మీకూ మీ బంధువులకూ వ్యతిరేకమైనా సరే అని నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది. ఆ ఆయతు "మీకూ" అన్న చోటు నుంచే మొదలవుతుంది.

ఆ రోజు మేము ఆ సోదరుణ్ణి ఒకటే అడిగాము. "భాయ్, మీ ఇంటి స్టోరు బియ్యం ఏం చేస్తున్నారు?" ఆయన నవ్వారు. "మేము సోనా బియ్యమే తింటాం హజ్రత్. ఆ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయని ఇంట్లో వండరు. ఆటో వస్తే పోసేస్తాం" అన్నారు. అన్నాక నవ్వు ఆగిపోయింది. (అవి ప్లాస్టిక్ కావు. రక్తహీనత తగ్గడానికి ఇనుము, విటమిన్లు చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. ఇళ్ళలో ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.)

పోయిన నెల మళ్ళీ మిడుతూరు వెళ్ళాము. ఆయన ఎదురొచ్చి సలాం చేశారు. రెండు నెలలుగా ఆటోవాడికి పోయడం లేదట. కొంత దోసెలకు నానబోస్తున్నారు, మిగతాది సంచిలో పురుగు పడుతోందట. అవసరం లేనప్పుడు కార్డు తిరిగి ఇచ్చేద్దామంటే, అది పోతే ఆసుపత్రి పథకం, పిల్లల ఫీజు కూడా పోతాయని భార్య భయపడుతోందని చెప్పారు. ఆ భయం అబద్ధమని మేము అనలేకపోయాము. కార్డు, బియ్యం వేరు చేసుకునే వీలుందేమో తహశీల్దారు ఆఫీసులో అడగమన్నాము. సోమవారం వెళ్తానన్నారు. ఖాలా సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు.