ఎలీషా ఉప్పు ఎక్కడ వేసెను?



యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్తయొద్దకు వచ్చి చేసిన మనవిని రాజుల రెండవ గ్రంథము రెండవ అధ్యాయములో మనము పలుమారులు చదివియున్నాము. పట్టణము రమ్యమైన చోట నున్నదే గాని నీళ్లు మంచివి కావనియు, అందుచేత నేల నిస్సారమైనదనియు వారు మొఱపెట్టుకొనిరి. ప్రవక్త క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించెను. ఆ పిమ్మట ఆయన చేసినదానిని మనము త్వరపడి చదివి దాటిపోవుదుము. ఆయన ఇంటింటికి తిరిగి ఒక్కొక్కరి కుండలో చిటికెడు ఉప్పు వేయలేదు. మనవి చేయవచ్చిన పెద్దల ఇండ్లకు మాత్రమే మంచినీరు ఏర్పాటు చేయలేదు. నీటి ఊటయొద్దకే పోయి అందులో వేసెను.

నీరు బాగుపడుట దేవుని అద్భుతకార్యము. మనము బావిలో ఉప్పు వేసినచో నీరు ఉప్పనగునే గాని శుద్ధి కాదు. అయితే ప్రవక్త అడుగులు ఏ దిక్కునకు నడచెనో అది మనకు పాఠము. నా కుండ శుభ్రముగా నున్న చాలునా? ఊటను గూర్చిన చింత నాకేల? ఈ ప్రశ్నకు క్రైస్తవుడు ఏమి ఉత్తరమిచ్చును?

మన జహీరాబాదు ప్రాంతపు నేల ఎఱ్ఱ మొరము. అల్లమునకు, బంగాళాదుంపకు, చెఱకునకు పేరు పొందినది. పడిన చినుకును వెంటనే లోనికి పీల్చుకొనును. బావులలో నీరూరుట ఆ గుణమువలననే. గాని మంచినీటిని లోనికి విడిచిన నేలయే చెడునీటినికూడ విడుచును. బావిగట్టున ఉతికిన మైలబట్టల నీరు, చేతిపంపు ప్రక్కనున్న పెంటకుప్ప, దగ్గరగా త్రవ్విన మరుగుదొడ్డి గుంట, ఇవన్నియు కొన్నాళ్లకు మన చెంబులోనికే తిరిగి రాగలవు. ఆ నీరు కంటికి తేటగానే కనబడును. తేటదనము వేరు, శుద్ధి వేరు.

పూర్వము మన తల్లులు చిల్లగింజను అరగదీసి బురదనీటిలో కలిపి తేర్చుకొనెడివారు. నేడు పటిక ఆ పని చేయుచున్నది. నదినీరు మన కుళాయికి చేరకముందు శుద్ధికేంద్రములో మూడు పనులు జరుగును. మొదట పటికచేత మట్టి అడుగునకు దిగును. పిమ్మట నీరు ఇసుక పొరలగుండ వడియును. తుదకు క్లోరిను కలుపుదురు. ఈ వరుస తప్పరాదు. మట్టి తీయక క్లోరిను వేసినచో అది మలినముతోనే పోరాడి ఖర్చైపోవును, క్రిములు మిగిలిపోవును. ఊరి ట్యాంకులో బ్లీచింగు పొడి కలిపినయెడల కనీసము అరగంట ఆగవలెను. కుళాయి నీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియుండవలెనని మన దేశపు ప్రమాణము. వాసన వచ్చుచున్నదని విసుగుకొని, పొడి వేయవద్దని పంపు నడుపువానితో చెప్పువారున్నారు. ప్రియులారా, ఆ కొద్దిపాటి వాసన దోషము కాదు. కావలివాడు మేల్కొనియున్నాడని తెలుపు గురుతు.

నారికురుపును మీలో పెద్దవారు ఎరుగుదురు. కాలినుండి దారమువంటి పురుగు బయలుదేరును. మంటకు తాళలేక రోగి దిగుడుబావి మెట్లు దిగి కాలు నీటిలో ఉంచును. అంతట ఆ పురుగు తన పిల్లలను వేలకొలది నీటిలో విడుచును. నీటిలోని సూక్ష్మజీవులు వాటిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి సుమారు సంవత్సరము గడచిన తరువాత అదే బాధ కలుగును. ఈ రోగమును నయముచేయు మందు లేదు, రాకుండ ఆపు టీకా లేదు. అయినను ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఏడు రాష్ట్రములను పీడించిన ఈ రోగము మన దేశమునుండి తొలగిపోయెను. చివరి రోగి 1996లో కనబడెను. 2000లో మన దేశము దీనినుండి విడుదల పొందినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. ఇది ఎట్లు సాధ్యమాయెను? నీటిని బట్టతో వడగట్టుటచేత, దిగుడుబావులను చేదబావులుగా మార్చుటచేత, చేతిపంపులు వేయుటచేత, పుండుగలవారు నీటిలో దిగకుండుటచేత. పొరుగువాని చెంబును తలంచి తన కాలిని వెనుకకు తీసికొనుటయే ఇక్కడ ఔషధమాయెను.

యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథము 34వ అధ్యాయములో బలమైన గొఱ్ఱెలను గద్దించెను. అవి తేటనీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకలు చేయగా, బలహీనమైన మంద ఆ బురదనే త్రాగవలసివచ్చెను. నారికురుపు రోగి తెలియక నీటిలో దిగెను. బలమైన గొఱ్ఱె సంగతి అట్టిది కాదు; తన దాహము తీరినది గనుక వెనుక వచ్చువారిని తలంచలేదు.

ఈ మాట మన సంఘములకు తెలియనిది కాదు. మనలో అనేకుల పూర్వులకు ఊరిబావి గట్టు ఎక్కు భాగ్యము లేకపోయెను. ఎవరైన జాలిపడి పైనుండి పోసిన నీటికై దోసిలి పట్టిరి. 1927 మార్చి 20న మహాడ్ పట్టణములో డాక్టరు అంబేద్కరు గారు తన జనులతో కలిసి చవదార్ చెఱువు నీరు త్రాగిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, ప్రజలందరికొఱకైన బావులను చెఱువులను వాడుకొనకుండ కులమునుబట్టి ఎవరిని అడ్డగింపరాదని 15వ అధికరణములో శాసించెను.

నేడు మరియొక గోడ లేచుచున్నది. కొనగలవాడు ఇరువది లీటర్ల క్యాను తెప్పించుకొనును. కొనుట పాపము కాదు. గాని కొన్న దినమునుండి అతడు ఊరి ట్యాంకుకు మూత ఉన్నదో లేదో చూచుట మానును. గ్రామసభలో మాట చెల్లుబడియగువాడు కుళాయిని విడిచినప్పుడు, కుళాయి పక్షమున మాటలాడువాడెవడు? కూలికి పోవు తల్లి ఆ నీటినే పట్టుకొనును. ఆర్.ఓ. యంత్రముకూడ తాను త్రాగిన నీటిలో కొంత భాగమును వ్యర్థముగా విడుచును. బోరునుండి తోడిన ఆ నీరు ఊరందరిది గదా!

మీరిట్లనవచ్చును: అయ్యగారూ, పంచాయతీ మేల్కొనువరకు మా బిడ్డలు ఆగుదురా? ఆగనక్కరలేదు. నీటిని సలసల మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి ఈ రాత్రియే వారికి త్రాగనియ్యుడి. అది తల్లిదండ్రుల ధర్మము. అయితే ఇంటి పొయ్యి చేయలేని పని కలదు. నల్లగొండ ప్రాంతములో రాతినుండి నీటిలో దిగిన ఫ్లోరైడు ఎముకలను వంచెను. ఎంత కాచినను అది పోదు. నీరు ఆవిరియైన కొలది మరింత చిక్కనగును. దూరమునుండి కృష్ణానది నీరు తెచ్చి పంచుట ఒక ఇంటివలన కాలేదు; అది అందరి పని ఆయెను. మన మంజీరమీద సింగూరు జలాశయము కట్టుటయు, 2016లో మిషన్ భగీరథ పేరట ఇంటింటికి కుళాయి నీరిచ్చు పని ప్రారంభించుటయు అట్టివే.

కాబట్టి సంఘ పెద్దలారా, స్త్రీల సమాజమువారలారా, ఈ నెల మీ ఊరి ట్యాంకును ఎప్పుడు కడిగిరో అడుగుడి. బ్లీచింగు పొడి ఉన్నదో లేదో చూడుడి. పంపు చుట్టునున్న మురుగును మీ చేతులతోనే తీయుడి. మీ ఇంట క్యాను ఉన్నయెడల మీరే ముందు నిలువుడి. ఏలయనగా ఎలీషా యెరికో నీరు త్రాగి బ్రదుకవలసినవాడు కాడు, అయినను ఊటవరకు నడచెను.

ప్రభువు మనకు అట్టి పాదములు దయచేయును గాక. ఆమేన్.