వెనక్కి తీసుకున్న రికార్డు

జాన్ ఫ్రుషాంటే పేరు తెలియనివాళ్ళకి కూడా అతని గిటారు తెలిసే ఉంటుంది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ పాట ‘అండర్ ది బ్రిడ్జ్’ మొదట్లో వినిపించేది అతనే. మా ఇంజనీరింగ్ హాస్టల్లో గిటారు పట్టిన ప్రతివాడూ దాంతోనే వేళ్ళు కాయలు కాయించుకున్నాడు. అతని సోలో ఆల్బమ్స్ దాకా మాత్రం నేను చాలా ఆలస్యంగా వచ్చాను, ఇంటినుంచి పనిచేస్తూ బత్తలపల్లెలో ఉన్న నెలల్లో.

2004 నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను. ఆ ఫిబ్రవరిలో ‘షాడోస్ కొలైడ్ విత్ పీపుల్’, తర్వాత జూన్ నుంచి 2005 ఫిబ్రవరి లోపల ఇంకో ఆరు రికార్డులు. ‘ది విల్ టు డెత్’ పేరులో చావుంది గానీ గొంతు నిలకడగా ఉంటుంది. చిన్న చిన్న పొరపాట్లు దిద్దకుండా వదిలేశాడు, అదే బాగుంది. 2001లో వచ్చినదాని పేరు ‘టు రికార్డ్ ఓన్లీ వాటర్ ఫర్ టెన్ డేస్’. (పది రోజుల నీళ్ళు అనగానే మా ఊళ్ళో ట్యాంకరే గుర్తొస్తుంది.)

ఇంకా వెనక్కి వెళ్తే 1997 దగ్గర ఆగాల్సొస్తుంది. 1992లో జపాన్ టూరు మధ్యలో బ్యాండు వదిలేసి, హెరాయిన్‌లో కూరుకుపోయిన మనిషి తెచ్చిన ‘స్మైల్ ఫ్రమ్ ది స్ట్రీట్స్ యు హోల్డ్’ అది. మత్తుమందు డబ్బు కోసమే విడుదల చేశానని తర్వాత అతనే చెప్పాడు. కోలుకున్నాక, 1999లో, అమ్మకం నుంచి తీసేయించాడు. ఇంటర్నెట్‌లో మాత్రం దొరుకుతూనే ఉంది. మరి వినొచ్చా?

ఇలాంటిచోట అందరూ కాఫ్కాని తెస్తారు. తగలబెట్టమన్న రాతప్రతుల్ని మాక్స్ బ్రాడ్ అచ్చువేశాడు, మనం బాగుపడ్డాం కదా అని. కానీ కాఫ్కా పోయాడు. ఫ్రుషాంటే ఉన్నాడు, కోలుకున్నాడు, తెలివిగా ఉండి వద్దన్నాడు. మత్తులో ఇచ్చిన అనుమతి గొప్పదా, మెలకువలో చెప్పిన ‘వద్దు’ గొప్పదా? నాకైతే రెండోదే. అయినా అతను ఆపింది అమ్మకాన్ని, చెవుల్ని కాదు. నేను రెండుసార్లు విన్నాను. గొంతు చిరిగిపోతుంది, దగ్గు కూడా వినిపిస్తుంది. తర్వాతి రికార్డుల్లో లేనిదేదో అందులో ఉంది, ఒప్పుకోవాలి.

వినడంకన్నా నన్ను ఇబ్బందిపెట్టేది, విన్నవాళ్ళు అనే మాట: ‘అసలైన ఫ్రుషాంటే ఇదే, తర్వాతదంతా శుభ్రం చేసింది.’ అంటే మనిషి బాగుపడటం వీళ్ళకి నష్టం.

బత్తలపల్లెలో పెరిగినవాడికి ఈ వాదన కొత్త కాదు. సాహిత్య సభల్లో అనంతపురం పేరెత్తగానే ఎవరో ఒకరు అంటారు, కరువుంది కాబట్టే అంత గొప్ప కథలొచ్చాయని. మెచ్చుకోలుగానే అంటారు. వాన రాక శెనక్కాయ చేను ఎండిపోయినవాళ్ళు మా వీధిలోనే ఎంతమందో. వాళ్ళు కథలు రాయలేదు, వలస పోయారు. ఆ బతుకుల్ని కథలు చేసింది సింగమనేని నారాయణ, ఒక తెలుగు ఉపాధ్యాయుడు. కరువు ఆయనకి వస్తువిచ్చింది నిజమే, వాక్యం మాత్రం ఆయనదే. ఆ ఘనతని ఎండకి కట్టబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. కరువు తీరితే కథలు ఆగిపోతాయేమోనని దిగులుపడే పాఠకుడికి మా నీళ్ళ గురించి ఏం పట్టింది?

హెరాయిన్‌కీ ఆ ఘనత ఎందుకివ్వాలి? అది పాటలిచ్చి ఉంటే, అది మానేశాక ఒక్క ఏడాదిలో ఏడు రికార్డులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వాటిలోనూ చావుంది, ఒంటరితనముంది. కాకపోతే వాటిని చూస్తున్న మనిషి కాళ్ళమీద నిలబడి చూస్తున్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే ‘కర్టెన్స్’ పంపుతున్నాను. ఎక్కువగా అకూస్టిక్ గిటారు, ఇంట్లో కూర్చుని రికార్డు చేసింది. 1997 నాటిదాని లింకు అడిగితే మాత్రం ఇవ్వట్లేదు. వాళ్ళెలాగూ వెతుక్కుంటారు.