ఉదయసముద్రం కట్టపై ఒక ప్రశ్న

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రం లేదు. తెల్లవారుజామున ఇసుకలో నడుస్తూ అలలు చూసే భాగ్యం తీరప్రాంతం వారిది. అయితే మన పూర్వులు పెద్ద చెరువునే 'సముద్రం' అని పిలుచుకున్నారు. నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం. పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోడ వంశంలోని ఉదయుని పేరు మీద వచ్చిన పేరది. ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆ కట్ట మీదికి వెళ్లే మాబోటి వారికి మాత్రం అది నిజంగానే ఉదయపు సముద్రం.

మస్జిద్ నుంచి నలుగురైదుగురం కలిసి బయలుదేరుతాం. కట్ట ఎక్కేసరికి తూర్పున వెలుగు రేకలు విచ్చుకుంటూ ఉంటాయి. నీటిపై సన్నని పొగమంచు. బుడుబుంగ మునిగి మరోచోట తేలుతుంది. నీటికాకి రాయి మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. కొంగలు బారులు తీరి మేతకు వెళ్తాయి. జాలరి ఒకరు తెప్ప మీద రాత్రి వేసిన వల తీస్తూ ఉంటారు.

ఈ దృశ్యాలను కేవలం కాలక్షేపంగా చూడవద్దంటుంది దివ్యఖుర్ఆన్. భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ల మార్పులో, ఆకాశం నుంచి కురిసే వానలో బుద్ధిమంతులకు సూచనలున్నాయని అది మాటిమాటికీ గుర్తు చేస్తుంది. ఖుర్ఆన్ వాక్యానికీ, ప్రకృతిలోని సూచనకూ ఒకటే పదం: 'ఆయత్'. రెండింటినీ చదవాలి. రెండింటినీ ఆచరణలో పెట్టాలి. ఉదయాన ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రానికి నిండు కడుపుతో తిరిగొచ్చే పక్షులను మహాప్రవక్త (సఅసం) దైవంపై భరోసాకు ఉదాహరణగా చూపారు. గమనించవలసిందేమిటంటే, ఆ పక్షులు గూట్లో కూర్చోలేదు, ఎగిరి వెళ్లాయి.

ఒకనాటి ఉదయం మాతోపాటు ఒక పెద్దమనిషి వచ్చారు. అందరం ఆయనను చాచా అంటాం. మర్రిగూడ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఫ్లోరిన్ నీళ్లు తాగి తాగి ఆయన వెన్ను కర్రలా బిగుసుకుపోయింది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. రుకూకు వంగలేరు, సజ్దాకు నేల తాకలేరు. కుర్చీ మీద కూర్చొని సైగలతో నమాజు చేస్తారు. కొడుకు ఆటోలో తెచ్చి కట్ట మీద దింపాడు. చాలాసేపు నీటి వైపే చూస్తూ కూర్చున్నారు.

మా బృందంలోని ఒక యువకుడు తిరుగు దారిలో మమ్మల్ని అడిగాడు: "ప్రకృతిలో అల్లాహ్ కారుణ్యం చూడమంటారు. పక్షులు, వెలుగు, నీళ్లు, సరే. మరి చాచా ఊరి బావిలో ఉన్నది కూడా ప్రకృతే కదా! పసిపిల్లవాడుగా ఆయన తాగిన ఆ నీటిలో ఏ కారుణ్యం చూడమంటారు?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తోసివేయకూడదు. సృష్టిలో అందాన్ని మాత్రమే చూసి పరవశించేవాడు సగమే చూసినట్లు. కష్టాన్ని మాత్రమే చూసి నిరాశపడేవాడు కూడా సగమే చూసినట్లు.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఫ్లోరోసిస్ బాధితుని ఒంటిపై కనిపించేది అతని పాపఫలం కాదు. అలా అనడం ఘోరమైన అన్యాయం. మన ప్రాంతపు నల్లరాళ్లలో, గ్రానైటు పొరల్లో ఫ్లోరైడు ఖనిజాలున్నాయి. రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీటిలోకి అది కరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చనీ మన దేశ ప్రమాణం చెబుతోంది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు వంకర్లు పోతాయి, కీళ్లు బిగుస్తాయి. ఒకసారి వంగిన ఎముకను మందు సరిచేయలేదు. రాకుండా కాపాడుకోవడమే మార్గం.

అయితే ఆ రాతిని సృష్టించిన ప్రభువే వాన నీటిని కూడా కురిపించాడు. ఆకాశం నుంచి దిగే ఆ నీటిలో ఈ దోషం దాదాపుగా ఉండదు. దానిని చెరువుల్లో పట్టి ఉంచే తెలివినీ ఆయనే ప్రసాదించాడు. ఏ వ్యాధినీ దాని చికిత్స లేకుండా అల్లాహ్ దించలేదని మహాప్రవక్త (సఅసం) బోధించారు. అంటే వెదకవలసిన బాధ్యత మనిషిపై ఉంది. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నెల్లూరు ప్రాంతంలో వైద్యులు గుర్తించారు. 1970లలో నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతి రూపొందించారు. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది పడింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఇదే జిల్లాలోని మెట్ట పల్లెలు మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు బోరు నీళ్లే తాగాయి. ఇప్పుడు సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు అక్కంపల్లి మీదుగా ఈ ఉదయసముద్రానికే చేరుతోంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు పల్లెలకు వచ్చాయి.

కనుక ఆ యువకుని ప్రశ్నకు మరో ప్రశ్న జోడించుకోవాలి. రాయి ఎందుకు అలా ఉందన్నది ఒకటి. తెలిసిన తర్వాత కూడా మంచినీరు ఆ పల్లెకు చేరడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందన్నది రెండోది. మొదటి దాని పూర్తి పరమార్థం సృష్టికర్తకే తెలుసు. రెండోదానికి జవాబు చెప్పుకోవలసింది మనుషులు. కష్టం బాధితునికి పరీక్ష అయితే, మంచినీరు దొరికినవారికి అంతకంటే పెద్ద పరీక్ష. ప్రళయదినాన దాసుణ్ణి తొలుత అడిగే అనుగ్రహాలలో శరీర ఆరోగ్యమూ, చల్లని నీరూ ఉన్నాయని హదీసులో వచ్చింది. నల్లగొండవాసికి ఈ హదీసు వేరుగా వివరించనక్కర లేదు.

మహాప్రవక్త (సఅసం) ఒక ఓడ ఉపమానం చెప్పారు. కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ప్రయాణిస్తున్నారు. కింది వారు నీళ్ల కోసం పైకి రావలసి వస్తోంది. పైవారికి ఇబ్బంది ఎందుకని తమ భాగంలోనే రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు. మన సంగతి ఆలోచించండి. చెరువులో పూడిక పేరుకుంటే ఊరుకున్నాం. శిఖం భూమి ప్లాట్లవుతుంటే 'మనకెందుకులే' అన్నాం. తూములు పూడిపోయాయి, నీరటి పని మరుగున పడింది. ఆపైన ఎవరి పొలంలో వారు బోరు వేసి వందల అడుగులు లోతుకు దిగాం. ఎంత లోతుకు పోతే అంత రాతి నీరు. నీరు భూమిలోకి ఇంకిపోతే దాన్ని ఎవరు తెచ్చి ఇస్తారని ఖుర్ఆన్ అడిగిన ప్రశ్న మన ఎండిన బోరు దగ్గర నిలబడి వినవలసిన ప్రశ్న. 2015లో ప్రభుత్వం సుమారు 46 వేల చెరువుల పూడికతీత లక్ష్యంగా మిషన్ కాకతీయ చేపట్టింది. కాని ఏ పథకమైనా మట్టిని తీయగలదు, మన నిర్లక్ష్యాన్ని తీయలేదు.

కృతజ్ఞత మూడు విధాలని పండితులు చెబుతారు: హృదయంతో, నాలుకతో, అవయవాలతో. కట్ట మీద 'సుబ్‌హానల్లాహ్' అనడం నాలుక కృతజ్ఞత. అదే కట్ట మీద టీ తాగిన ప్లాస్టిక్ గ్లాసును నీళ్లలోకి విసిరితే చెయ్యి ఆ నాలుకను అబద్ధం చేసినట్లే. నిలవ నీటిలో మూత్ర విసర్జన చేయవద్దని వారించిన ప్రవక్త (సఅసం) అనుయాయులం మనం. ఆయన ఒక ముద్ద్, అంటే ఒక దోసిలి నిండేంత నీటితో వుజూ చేసేవారు. మన మస్జిద్‌లలో వుజూ నల్లాలు ఎలా పారుతున్నాయో చూసుకోవాలి. ఇంటి బోరు నీరు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. తల్లులు పిల్లల పళ్లపై మచ్చలను అలక్ష్యం చేయకూడదు.

ఆ యువకుడు తన ప్రశ్నను మర్నాడు చాచానే అడిగాడు. మాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. చాచా నొచ్చుకోలేదు. "బేటా, ఎందుకిలా చేశావని నేనూ ఎన్నోసార్లు అల్లాహ్‌ను అడిగాను. జవాబు ఆయన దగ్గరే ఉంది. కాని నేను వంగలేదేమని ఆయన నన్ను అడగడు. నీ నడుము వంగుతుంది కదా, నిన్ను అడుగుతాడు" అన్నారు.

యువకుడు మాట్లాడలేదు. కొంచెం దూరం నడిచి, దారిలో పడి ఉన్న ప్లాస్టిక్ గ్లాసు కోసం వంగాడు. మేమూ వంగాం.

ఓ అల్లాహ్! నీ సూచనలను చూసే కళ్లతో పాటు నీ అనుగ్రహాలను కాపాడే చేతులనూ మాకు ప్రసాదించు. నీటి వల్ల బాధపడినవారికి స్వస్థతను, సహనానికి ప్రతిఫలాన్ని అనుగ్రహించు. ఆమీన్.