పువ్వు కదలక్కర్లేదు

విశాఖలో ఉన్నవారు అరకులోని ఆప్తులకు పూలు పంపాలనుకుంటారు. అందుకు పువ్వే ఘాట్ రోడ్డు ఎక్కాలా? అక్కర్లేదు. కబురు వెళ్తే చాలు. తెంపిన పువ్వుకు వేరు ఉండదు. కాడలో మిగిలిన నీళ్లే దాని దారిబత్తెం. మైదానం ఎండలో, ఆపై కొండ మలుపుల్లో ఆ బత్తెం కాస్తా అయిపోతుంది. అమెరికా పూలవర్తకులు 1910లోనే దీనికి ఉపాయం కనిపెట్టారు. కొందరు కలిసి సంఘం కట్టారు. పూలబుట్టకు బదులు టెలిగ్రాం పంపారు. అవతలి ఊరి దుకాణమే తన దగ్గరున్న పూలు కట్టి ఇంటికి చేర్చేది. పువ్వు కదల్లేదు, కబురు కదిలింది. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది.

కొండ ఊళ్లో కోరిన గులాబీ దొరకదు కదా, అంటారు. నిజమే, దొరక్కపోవచ్చు. అప్పుడు అక్కడున్న బంతినో చామంతినో అడగండి. బస్సులో వాడిన గులాబీ కన్నా పొద్దున కోసిన బంతి నయం. మరి అరకు అనగానే గుర్తొచ్చే వలిసె పూల మాటేమిటి? చలి మొదలయ్యే వేళకు చేలన్నీ పసుపు పరిచినట్టుంటాయి. కానీ అవి గుత్తులు కట్టే పూలు కావు, గిరిజన రైతు పంట. పువ్వు గింజ కడితేనే నూనె. తేనెటీగలకూ అక్కడే మేత. తెంపితే గింజే లేదు. ఆ పువ్వును పంపలేం, దాని దగ్గరికి మనమే వెళ్లాలి. ఫొటో కోసం చేలో దిగితే మొక్కలు నలుగుతాయి. గట్టు మీదే నిలబడండి. రైతు నాలుగు డబ్బులు అడిగితే ఇచ్చేయండి. అక్కడ బేరాలొద్దు.