మరల వచ్చు తలంపు



గవర్నరుపేటలో నివసించు నావంటి న్యాయవాది జీవితమును తెలుపుటకు ఒక్క దినమును వర్ణించిన చాలును. తక్కిన దినములన్నియు దాని నకళ్లు. వేకువనే లేచుట, కాఫీ, పత్రిక, కక్షిదారులు, కాగితపు కట్టలు, పిదప కోర్టు, అచ్చట పిలుపుకై నిరీక్షణము, సాయంకాలమున ఏలూరు రోడ్డు రద్దీలోనుండి యింటికి రాక, మరల కక్షిదారులు, మరల కట్టలు, భోజనము, నిద్ర. దినచర్య మారదు. అంతకంటె వింత యేమనగా, దానితోపాటు తలంపులును మారవు. నిన్న స్నానము చేయునప్పుడు వచ్చిన తలంపే నేడును అదే వేళకు, అదే చెంబెడు నీళ్లతో వచ్చును.

ఇట్టి జీవితము వివేకవంతుడగు మానవునికి తగినదేనా యను ప్రశ్న మనలో ననేకులను బాధించుచున్నది. చదువుకొన్నవారిని మరింత బాధించును. ఏలయన, విద్య మనకు నూతనత్వమునందు రుచి కలిగించినది గాని మార్పులేనిదానిని సహించుట నేర్పలేదు.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొందము. పునరావృత్తి దోషము కాదు. మన కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, 1957 నాటికి ప్రకాశం బరాజు దాని స్థానమును పొందినది. ఐనను నీరు పోవు త్రోవ మారలేదు. ఏలూరు కాలువ, రైవిసు కాలువ, బందరు కాలువ యేటేట నవే గట్ల నడుమ ప్రవహించుచు నవే పొలములను తడుపుచున్నవి. ఆ నీటికి విసుగు పుట్టి యొక యేడు త్రోవ మార్చుకొన్నచో దానిని మనము స్వేచ్ఛ యనము, వరద యందుము.

మరియు విసుగునుగూర్చి మాటలాడు హక్కు ఎవరికి గలదో యాలోచింపుడు. పురుషుడు తన దినచర్య మార్పులేనిదని మిత్రులతో మొరపెట్టుకొనును. అతడు మొరపెట్టుకొను వేళకు వంటయింటిలో నాతని భార్య యిరువది సంవత్సరములుగా కడిగిన గిన్నెలనే కడుగుచుండును. మన విసుగునకు తీరిక దొరకుటయే ఆమె విసుగు వలన. స్త్రీవిద్యనుగూర్చి యుపన్యసించు మనము, ఈ బరువును పంచుకొనుటనుగూర్చి యెన్నడైన నొక తీర్మానము చేసితిమా?

కావున దినచర్య మార్చుకొనుట యొక్కటే మందు కాదు. ఊరు మారినను తలంపు మన పెట్టెలోనే ప్రయాణము చేయును. ఇక రెండవ ఉపాయము, తలంపును బలవంతముగా తరిమివేయుట. దీని ఫలమును అమెరికాలో డేనియల్ వెగ్నరను మనశ్శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పరీక్షించి, 1987లో ప్రకటించిరి. వారు కొందరిని పిలిచి, ఐదు నిమిషముల సేపు తెల్లని ఎలుగుబంటిని తలపరాదనియు, తలచినప్పుడెల్ల గంట మ్రోగింపవలెననియు చెప్పిరి. గంట మరల మరల మ్రోగినది. పిమ్మట తలచుటకు అనుమతి నీయగా, మొదటినుండియు తలచుటకు అనుమతి పొందినవారికంటె వీరే ఎక్కువసార్లు దానిని తలచిరి. వలదన్న తలంపునకు మనమే కావలివారమై, అది వచ్చెనేమో యని క్షణక్షణము తలుపు తీసి చూచుచుందుము. తీసిన తలుపులోనుండి అది లోపలికి వచ్చును.

ఈ సత్యమును నేను గ్రంథముల వలన గాక నా తప్పు వలన గ్రహించితిని. కొన్ని సంవత్సరముల క్రిందట, కాలువ దిగువ పల్లెనుండి యొక వృద్ధ వితంతువు తన భర్త భాగమునకై మరుదులపై దావా నా చేతికిచ్చెను. అది పెద్ద వ్యవహారము కాదు. ఫీజును పెద్దది కాదు. కావున వాయిదా వచ్చినప్పుడెల్ల కట్ట విప్పుటకు నాకు తీరిక లేకపోయెను. లేచి నిలిచి మరియొక వాయిదా అడుగుచుంటిని. విచారణకాలమున ఒక పక్షమునకు మూడు వాయిదాలకు మించి యీయరాదని సివిలు ప్రొసీజరు కోడు 2002 నుండి చెప్పుచునే యున్నది. తగిన కారణమను పేరిట అంతకు మించియు దొరకుట మా వృత్తిలో అందరు నెరిగినదే. నా నోటికి ఆ కారణములు మంత్రములవలె కంఠస్థములై యుండెను. అబద్ధమాడుచున్నానను స్పృహయైనను లేదు. అలవాటు చేయు గొప్ప అపకారమిదియే: అది తప్పును నొప్పి లేకుండ చేయించును.

నోరు మరచెను గాని మనస్సు మరవలేదు. ఆ వృద్ధురాలు బల్లపై కూర్చుండి, ఒడిలో సంచి పెట్టుకొని, నావైపు చూచుచున్న రూపము నాకు తోచనారంభించెను. స్నానమందును, భోజనమందును, తుదకు ప్రార్థనయందును అదియే. నేను దానిని నరముల బలహీనత యనుకొంటిని. ఉదయపు నడక పెంచితిని, రాత్రి ఫోను చూచుట మానితిని, సంకీర్తనములు వింటిని. రూపము పోలేదు. ఒక రాత్రి నిద్రపట్టక లేచి కూర్చుండగా నా భార్య కారణమడిగెను. చెప్పితిని. ఆమె కొంతసేపూరకుండి, “ఏమండీ, ఆమె కాగితములు రేపైన చూడరాదా?” అనెను. ఇంతకంటె సామాన్యమైన మాట యుండబోదు. ఇన్ని నెలలలో నాకు తోచని మాటయు నదియే.

మరునాడు తెల్లవారకముందే కట్ట విప్పితిని. దానికి పట్టిన కాలము రెండు గంటలు. ఒక దస్తావేజు నకలు తక్కువైనది, అంతే. ఆ వారమే దానిని తెప్పించి, విచారణకు సిద్ధముగా నున్నామని విన్నవించితిని. ఆమెను పిలిచి, ఆలస్యము కోర్టుది కాదు, నాదే యని చెప్పితిని. “తెలుసు బాబూ. మీరు చెబుతారా లేదా అనే చూస్తున్నాను” అని ఆమె బదులు చెప్పెను. ఆ రూపము మరల నన్ను ఆ విధముగా వెంటాడలేదు. ఐనను, ఆమెనుండి నేను తీసికొనిన రెండు సంవత్సరములను తిరిగి యీయలేకపోతిని. ఆ సంగతి యిప్పటికిని జ్ఞప్తికి వచ్చును, వచ్చుట న్యాయము.

కావున మరల మరల వచ్చు తలంపులలో నొక జాతి అప్పులవానివంటిది. వానితో వాదించిన పోడు, తలుపు మూసిన పోడు. బాకీ తీర్చినచో తనంతట పోవును. మన సమాజమునకు మార్గదర్శియైన మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు చరిత్రము దీనికి నిదర్శనము. ఆయన తండ్రి ద్వారకానాథుడు 1846లో లండనునందు మరణించెను. 1848లో ఆ కుటుంబపు వ్యాపారసంస్థ కూలిపోగా పెద్ద అప్పు మిగిలెను. తండ్రి కొంత భూమిని ముందే ట్రస్టు క్రింద నుంచియుండుటచే చట్టప్రకార మది అప్పులవారికి చిక్కదు. మావంటి న్యాయవాదులను అడిగియుండినచో, ఆ రక్షణను విడువవలదనియే చెప్పియుందుము. దేవేంద్రనాథుడు ఆ యాస్తిని సైతము అప్పులవారి యెదుట నుంచెను. వ్యయము తగ్గించుకొని, అనేక సంవత్సరములకు ఋణము తీర్చెను. చట్టము విడిచిపెట్టినను మనస్సాక్షి విడిచిపెట్టని బాకీలు గలవని ఆయన యెరుగును.

రెండవ జాతి గాలివంటిది. పది సంవత్సరముల క్రిందట సభలో తడబడిన మాట, ఎవడో నన్నుగూర్చి యేమనుకొనెనో యను శంక, రాబోని యాపద యూహ: వీనికి మనము బాకీ లేము. వీనిని పిలువవలదు, తరుమవలదు. చేతిలోని పని చేసికొనుచుండవలెను. ఈ రెండు జాతులను వేరుపరచుటకు నాకు తెలిసిన ప్రశ్న యొక్కటియే: “నేడు నేను చేయగలిగిన పని యేదైన నీవు కోరుచున్నావా?” కోరినచో చేయవలెను. కోరనిచో పోనీయవలెను.

ఇచట నొక హెచ్చరిక యవసరము. మూడవ జాతియు గలదు. అది దొంగ అప్పులవాడు. తాళము వేసితివా యని యడుగును. చూచివచ్చిన మరల యడుగును. చేతులు కడుగుమనును, కడిగినకొలది మరల కడుగుమనును. నిజమైన బాకీ చెల్లించినచో తగ్గును; ఇది చెల్లించినకొలది పెరుగును. ఇది పాపము గాదు, పూర్వజన్మ ఫలము గాదు, భక్తిలోపమును గాదు, వ్యాధి. దీనికి మందులు గలవు, ఆ బలవంతపు పనికి లొంగకుండుటను క్రమక్రమముగా నేర్పు చికిత్సయు గలదు. నిద్రాహారములు చెడి, బ్రతుకుపై రోత పుట్టినవారు గూడ వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022లో నారంభించిన టెలి మానస్ సహాయము 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో లభించును. వైద్యుని వద్దకు పోవలసినవానిని మంత్రగాని వద్దకు గొనిపోవుట యెంత మౌఢ్యమో, “ప్రార్థన చేసికొనుము, పోవును” అని మన మూరకుండుటయు నంతే మౌఢ్యము.

ఇక దినచర్య మాట. మన కాలువలను వేసవియందు నీరు కట్టివేసి బాగుచేయుట చూచియున్నారు గదా. పూడిక తీయుదురు, గుర్రపుడెక్క తొలగింతురు, లాకులు సరిచూతురు. కాలువ త్రోవ మార్చరు. త్రోవలో పేరుకొన్నదానిని తీయుదురు. దినమునందు నొక పావుగంటయైనను నీరు కట్టి అడుగు చూచుకొనుటకే నిత్యోపాసన. అది లేక నడచు దినచర్యలో వాయిదా యడుగుట సైతము శ్వాసవలె సహజమైపోవును.

అయినను మనమే జాగరూకులము కావలెను. అర్థము తెలియక మంత్రములు వల్లించు పురోహితుని చూచి మనము నవ్వితిమి. మన ఏకేశ్వర ప్రార్థనయు అవే మాటలతో, అదే స్వరమున, మనస్సు మరియొకచోట నుండగా జరుగుటలేదా? విగ్రహమును తొలగించినంతమాత్రమున అలవాటు తొలగదు. మనస్సు వాయువువలె పట్టరానిదని భగవద్గీత యాఱవ యధ్యాయమున అర్జునుడు మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణుడు మొదట చెప్పిన సాధనము అభ్యాసము. అభ్యాసమనగా చేసినదానినే మరల చేయుటయే గదా! రోగమును పునరావృత్తియే, మందును పునరావృత్తియే. నడుమ భేదము, చేయువాడు మేలుకొని యుండుట.

సోదరులారా, రేపును నా దినము నేటివలెనే యుండును. అవే మెట్లు, అవే కట్టలు. కాని బల్లపై కూర్చుండి యెదురుచూచువారు మాత్రము వేరు; ఒక్కొక్కరికి ఆ దినమే ముఖ్యదినము. నాకు నకలైనది వారికి అసలు. ఈ సంగతిని మరువకుండునట్లు పరమేశ్వరుడు మనకు ప్రతిదినమును, విసువక, మరల మరల జ్ఞాపకము చేయుగాక.