పడవ వదిలారు, పీఠం వదల్లేదు

శ్రమదినాలు రాగానే మన క్రైస్తవుల ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా, మధ్యలో వచ్చే ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. ఈ 40 రోజులూ నీసు ముట్టనని ఒకరు, సినిమాల జోలికి పోనని ఒకరు, తలలో పూలు పెట్టుకోనని ఇంకొకరు. కాలేజీ పిల్లలు ఫోన్లో రీల్స్ మానేస్తామంటున్నారు, వాళ్లకు అది మాంసం మానడం కంటే కష్టం. ఈస్టర్ మధ్యాహ్నానికి వీధంతా బిర్యానీ ఘుమఘుమలు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. నలభై రోజులు నాలుకను కట్టిపెట్టినవాడికి ఆ పట్టు తర్వాత కూడా ఎంతోకొంత మిగులుతుంది. కాకపోతే, ఏం వదలాలని ఎంచుకుంటున్నామో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈస్టర్ తర్వాత మళ్లీ తెచ్చుకోగలిగినవే ఎంచుకుంటాం.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం విశ్వాసిని పరుగు పందెంలో నిలబెట్టి, రెండింటిని వదిలించుకోమంటుంది. ఒకటి పాపం, రెండోది బరువు. రెండూ ఒకటి కావు. పాపాన్ని మనం పోల్చుకోగలం, వదలకపోయినా మనసు గుచ్చుతూనే ఉంటుంది. బరువు అలా కాదు. అది మంచిదే అయి ఉండొచ్చు. పదిమందీ మెచ్చుకునేదీ అయి ఉండొచ్చు. అందుకే దాన్ని మోస్తున్నామన్న స్పృహే ఉండదు.

ఈ బరువు ఎన్ని రూపాల్లో ఉంటుందో చూడాలంటే మార్కు సువార్త పదో అధ్యాయాన్ని ఏకబిగిన చదవాలి. ఆదివారం ప్రసంగాల్లో దాన్ని ముక్కలు ముక్కలుగా వింటాం కాబట్టి ఒక కథకూ ఇంకో కథకూ ఉన్న ముడి మన చెవిన పడదు. కొందరు పిల్లల్ని తీసుకొస్తే శిష్యులు గద్దిస్తారు, యేసు కోప్పడతాడు. అక్కడ ఆటంకం ఎవరయ్యా అంటే శిష్యులే. ఆ తర్వాత ఒక ధనవంతుడు పరుగెత్తుకుంటూ వచ్చి మోకరిస్తాడు. చిన్నప్పటి నుంచీ ఆజ్ఞలన్నీ పాటించినవాడు. యేసు అతణ్ని ప్రేమగా చూశాడని మార్కు ప్రత్యేకంగా రాశాడు. ఆస్తి అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మంటే మాత్రం అతని ముఖం వాడిపోయింది, వెళ్లిపోయాడు. ఈ కథ మీద మనం చాలా ప్రసంగాలు విన్నాం. పెద్ద ఆస్తి లేనివాళ్లం కాబట్టి హాయిగానే విన్నాం.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ధనవంతుడు అటు వెళ్లాడో లేదో, పేతురు ఇటు నోరు తెరిచి తామంతా సర్వం వదిలేసి వెంట వచ్చామని గుర్తు చేస్తాడు. అబద్ధం కాదు, నిజంగానే వదిలారు. వలలు వదిలారు, పడవలు వదిలారు. యాకోబు, యోహానులైతే తండ్రి జెబెదయిని కూలివాళ్లతో సహా పడవలోనే విడిచిపెట్టి వచ్చారు. కూలివాళ్లను పెట్టుకున్న ఇల్లంటే అంతోఇంతో ఉన్న ఇల్లే. అలాంటి ఆ ఇద్దరూ కాసేపటికి యేసు పక్కన చేరి ఏం అడిగారు? ఆయన మహిమలో కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి చోటు కావాలన్నారు. అడిగిన సందర్భం ఇంకా దారుణం. యెరూషలేములో తనను అవమానించి, కొరడాలతో కొట్టి చంపుతారని యేసు అప్పుడే చెప్పి ముగించాడు. మిగతా పదిమందికి కోపం వచ్చింది. వాళ్లకూ ఆ చోట్ల మీద కన్నుందేమోనని నా అనుమానం. అంతకుముందు అధ్యాయంలోనే తమలో ఎవరు గొప్పని దారి పొడవునా వాదించుకున్నవాళ్లే కదా అందరూ!

ఆస్తి వదలడం కష్టమే. వదిలానన్న లెక్కను వదలడం అంతకన్నా కష్టం. మన సంఘాల్లో సాక్ష్యాలు వినండి. ప్రభువు కోసం మంచి ఉద్యోగం మానేసి సేవకు వచ్చానని చెప్పేవాళ్లు ఉంటారు. అది నిజమైన త్యాగమే. అయితే ప్రతి కూడికలోనూ అదే మాట వినపడుతుంటే, మానేసిన ఆ ఉద్యోగం ఇంకా పింఛను ఇస్తున్నట్టే లెక్క. వేదిక మీద ముందు వరుస కుర్చీ ఎవరిది, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దది, మొదటి శాలువా ఎవరి భుజాన పడింది? కమిటీ ఎన్నికలు వస్తే ఉపవాస ప్రార్థనలో పక్కపక్కన మోకరించినవాళ్లే ఎదురెదురు ప్యానెళ్లలో నిలబడతారు. మాంసం మానేసినవాళ్లం మనం, మైకు మానలేం. ఈ 40 రోజులూ పాటకు ముందు తన పేరు పిలవకపోయినా పరవాలేదనుకున్న గాయకుణ్ని చూపిస్తే, నీసు మానిన పదిమంది కంటే అతనిదే గట్టి ఉపవాసం అంటాను.

అధ్యాయం చివర యెరికో పొలిమేరలో బర్తిమయి అనే బిచ్చగాడు కూర్చుని ఉన్నాడు. పస్కా పండక్కి యెరూషలేము వెళ్లే యాత్రికులు నడిచే దారి అది, బిచ్చానికి అనువైన చోటు. అతనికి చూపు లేదు. ఉన్నదల్లా ఒక పైవస్త్రం. ఆ కాలపు పేదవాడికి అది పగలు బట్ట, రాత్రి దుప్పటి. అందుకే తాకట్టు పెట్టుకున్న పైవస్త్రాన్ని పొద్దుగూకేలోపు తిరిగిచ్చేయాలని నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఆజ్ఞే ఉంది. బిచ్చగాళ్లు దాన్నే ముందు పరుచుకుని చిల్లర పట్టేవారని వ్యాఖ్యాతలు కొందరు అంటారు. అదే నిజమైతే అది అతని జీవనాధారం కూడా. యేసు పిలుస్తున్నాడని చెప్పగానే దాన్ని విసిరేసి లేచాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చూపు వచ్చాక విసిరేయలేదు, రాకముందే విసిరేశాడు. ఒకవేళ చూపు రాకపోతే అంత జనం కాళ్ల మధ్య ఆ బట్టను తడుముకుంటూ వెతుక్కోవలసింది అతనే. పొందాక వదలడం మనందరికీ తెలుసు. అతను పొందుతాననే నమ్మకంతో వదిలాడు.

అతణ్ని యేసు అడిగిన ప్రశ్న, కాసేపటి క్రితం యాకోబు, యోహానులను అడిగిన ప్రశ్నే: నేను మీకేం చెయ్యాలని కోరుకుంటున్నారు? వాళ్లు కుర్చీలడిగారు, ఇతను చూపు అడిగాడు. వెళ్లమని యేసు చెప్పినా వెళ్లలేదు, ఆ దారినే వెంట నడిచాడు. తాను ఫలానాది వదిలి వచ్చానని అతను చెప్పినట్టు మార్కు ఎక్కడా రాయలేదు.

ఇంతకీ ఆ అన్నదమ్ములు మారారా? వెంటనే కాదు. చివరి భోజనపు బల్ల దగ్గర కూడా శిష్యుల మధ్య ఎవరు గొప్పన్న వాదన లేచిందని లూకా రాశాడు. వాళ్లడిగిన కుడి ఎడమల చోట్లు, యేసు సిలువ మీద ఉన్నప్పుడు ఇద్దరు బందిపోటు దొంగలకు దక్కాయి. కొన్నేళ్లకు హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. యోహాను అపొస్తలుల కార్యాలలో కనిపించినప్పుడల్లా పేతురు పక్కనే ఉంటాడు. ప్రసంగం పేతురుది, ఇతనికంటూ విడిగా ఒక్క ఉపన్యాసం కూడా లేదు. ఎనిమిదో అధ్యాయంలో పేతురు, యోహానులిద్దరినీ సమరయకు పంపారు. ఒకప్పుడు తమను చేర్చుకోలేదని ఒక సమరయ గ్రామం మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని యేసును అడిగింది ఈ యోహాను, అతని అన్నే. ఇప్పుడు అదే సమరయ జనం తలల మీద చేతులుంచి వాళ్లకు పరిశుద్ధాత్మ కోసం ప్రార్థించాడు. తిరుగుదారిలో ఇద్దరూ నేరుగా యెరూషలేముకు పోకుండా చాలా సమరయ గ్రామాల్లో ఆగి సువార్త చెప్పారు.